మాస్టారి వాటా మడ్డి

భీమశంకరం మాస్టారికి లోకంలో రెండే విషయాల్లో గర్వం. ఒకటి ఆయన చేతిరాత. రెండోది ఆయన వ్యాను ఇంజను. చేతిరాత చూడాలంటే రేవుపాలెం బజారులో ఏ కొట్టు బోర్డు కింద నిలబడ్డా సరిపోయేది. ఇంజను చూడాలంటే మాత్రం మాస్టారు స్వయంగా డ్రైవరు సీటు పైకెత్తి, నూనె పోసే మూత విప్పి, టార్చిలైటు వేసి చూపించాలి. ఆయన చూపించేవారు. పనుంది, వెళ్లాలి అన్నవాళ్లను కూడా చెయ్యి పట్టుకుని ఆపి మరీ చూపించేవారు.

"చూడండి, లోపల ఇత్తడి చెంబులా లేదూ?" అనేవారు.

నిజంగానే ఉండేది. ఆయన ఒకప్పుడు బళ్లో డ్రాయింగు మాస్టారు. పిల్లలకు బొమ్మలెందుకని యాజమాన్యం ఆ ఉద్యోగం ఎత్తేసింది. ఎత్తేసిన ఏడాదే ఏటిలంక నుంచి పిల్లల్ని తీసుకురావడానికి ఓ వ్యాను కావలసి వచ్చింది. మాస్టారు తన పీఎఫ్ డబ్బుతో పాత పెట్రోలు వ్యాను ఒకటి కొనుక్కుని, వెనకాల అద్దం కింద గుండ్రటి అక్షరాలతో బడి పేరు రాసుకుని, డ్రైవరైపోయారు. వాన రోజుల్లో ఆ వ్యాను లేకపోతే లంక పిల్లలు కాలవగట్టు పొడుగునా బురదలో నడిచి రావాలి. మగపిల్లలు వస్తారేమో గాని, ఆడపిల్లల్ని పంపరు. ఓసారి మాస్టారికి టైఫాయిడ్ వచ్చి వ్యాను ఆగినప్పుడు ఇద్దరు ఆడపిల్లలు బడి మానేశారు. మళ్లీ రాలేదు. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా మాస్టారికి ఆ జ్వరం మీద ఇప్పటికీ కోపం వస్తుంది.

అందుకని ఇంజను విషయంలో ఆయన ఎవర్నీ నమ్మరు. నూనె తనే మారుస్తారు. కాసేపు ఇంజను నడిపి, నూనె వెచ్చబడ్డాక, వ్యాను కిందికి దూరి, భార్య మాణిక్యాంబ గారి బేసిను పెట్టి నట్టు విప్పుతారు. పాత నూనె చివరి చుక్కదాకా కారనిస్తారు. ఫిల్టరు మార్చి, కొత్త నూనె పోసి, కొలకడ్డీ తీసి పాత పంచె ముక్కతో తుడిచి, మళ్లీ ముంచి, వెలుతురుకేసి పట్టుకుని చూసి తృప్తిగా తలాడిస్తారు. మాణిక్యాంబ గారు గుమ్మంలో నిలబడి "ఆ బేసినులో ఇక నేను పిండి కలపలేను, మీకే ఇచ్చేశాను పొండి" అంటారు. అనడమే గాని, ప్రతిసారీ ఏదో ఒక కొత్త బేసిను పోతూనే ఉంది.

నూనె వేళకు మార్చకపోతే ఇంజను లోపల నల్లగా, జిగటగా, తారులాంటి పదార్థం పేరుకుంటుంది. దాన్నే మడ్డి అంటారు. మాస్టారి ఇంజనులో అది మచ్చుకైనా లేదు. ఆయన కష్టాలన్నీ అక్కణ్ణుంచే మొదలయ్యాయి.

ఇలా ఉండగా ప్రభుత్వానికి మడ్డి గురించి తెలిసింది. పై అధికారి ఒకాయన కారు కొండెక్కుతూ మధ్యలో ఆగిపోయిందనీ, మెకానిక్కు లోపలికి తొంగిచూసి "మడ్డండీ" అని ఒక్క మాట అన్నాడనీ, ఆ మాట ఆయన మనసులో నాటుకుపోయిందనీ చెప్పుకుంటారు. మామూలు మనిషైతే నూనె మార్పించుకుని ఇంటికెళ్లేవాడు. ఆయన అధికారి కనక యంత్రశుభ్రతా మండలి పెట్టించాడు.

మండలివారు 'నిర్మల యంత్రం' అనే ఉద్యమం ప్రకటించారు. ఎవరి ఇంజను వారే శుభ్రం చేసుకోవాలి. మెకానిక్కుల మీద ఆధారపడటం బానిసత్వం. ఇంతవరకూ మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకు ప్రభుత్వం తన దారికొచ్చిందని పేపరు చదివి మాణిక్యాంబ గారికి వినిపించారు కూడా. అయితే, జనం నిజంగా శుభ్రం చేసుకున్నారో లేదో తెలిసేదెలా? మండలివారు దీనిమీద చాలా ఆలోచించారు. శుభ్రం చేస్తే మురికి బయటికొస్తుంది. మురికి బయటికొచ్చిందంటే శుభ్రం జరిగినట్టే. కాబట్టి ప్రతి యజమానీ తన ఇంజను నుంచి తీసిన మడ్డిని, బండికి అరకిలోకు తగ్గకుండా, కార్యాలయంలో అప్పగించాలి. అప్పగిస్తే శుభ్రతా పత్రం ఇస్తారు. ఆ పత్రం లేని బండి, ముఖ్యంగా పిల్లల్ని ఎక్కించుకునే బండి, రోడ్డెక్కడానికి వీల్లేదు.

వేసవి సెలవులు సగం పైగా గడిచిపోయాయి. మాస్టారు కార్యాలయానికి వెళ్లారు. గుమ్మంలో త్రాసు, త్రాసు పక్కన డ్రమ్ములు, డ్రమ్ముల పక్కన ముక్కుకు రుమాలు కట్టుకున్న గుమాస్తా. లోపల మడ్డి సేకరణ ప్రత్యేకాధికారి ఏకాంబరేశ్వరరావు గారు కూర్చుని ఉన్నారు. ఆయన అంతకుముందు పట్టుపురుగుల శాఖలో పనిచేశారు. సేకరణ అనేది ఏ శాఖలోనైనా ఒకటేనని ఆయన నమ్మకం.

"తెచ్చితిరా?" అన్నారు ఏకాంబరేశ్వరరావు గారు.

"లేదండి. నా ఇంజనులో మడ్డి లేదండి. ఎప్పటికప్పుడు నేనే నూనె మార్చుకుంటానండి. కావాలంటే మూత విప్పి చూపిస్తాను, బండి బయటే ఉంది."

అధికారి కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "చూడండి మాస్టారూ. ఒక యజమాని మడ్డి సమర్పించకపోవుటకు రెండే కారణములు ఉండగలవు. ఒకటి, తీయలేదు. రెండు, తీసి దాచినారు. మొదటిది అలసత్వం. రెండవది నేరం. మీది ఏది?"

"మూడోదండి. అసలు లేదు."

"ఉత్తర్వులో మూడవది లేదు."

"ఉత్తర్వులో లేకపోతే మాత్రం, ఇంజనులో లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తేనండీ?"

"అది మీ స్వావలంబనకు సంబంధించిన విషయం. మండలి జోక్యం చేసుకోజాలదు."

ఇంతలో బయట సందడి. లారీ యజమాని గంగరాజు రెండు బకెట్లు పట్టుకుని వస్తున్నాడు. లారీ కొన్న దగ్గర్నుంచీ నూనె తగ్గినప్పుడల్లా పైన పోయడమే గాని, ఒక్కసారీ మార్చిన పాపాన పోలేదు. ఇంజను గిలగిల్లాడి నడిరోడ్డు మీద ప్రాణం విడిచాక, విప్పి చూస్తే లోపల రెండు బకెట్లకు సరిపడా ఉంది. ఏకాంబరేశ్వరరావు గారు కుర్చీలోంచి లేచి ఎదురెళ్లారు. త్రాసు ముల్లు ఇటు నుంచి అటు కొట్టుకుంది. గుమాస్తా చప్పట్లు కొట్టాడు. గంగరాజుకు శాలువా కప్పి, 'మడ్డి దాత' అని రాసిన బిళ్ల జేబుకు తగిలించారు.

"ఇదంతా మీ దయండీ ఆయ్," అన్నాడు గంగరాజు బిత్తరపోయి. తర్వాత మాస్టారి దగ్గరకొచ్చి చెవిలో, "ఇదేంటండి మాస్టారూ, బండి చచ్చిపోయిందని ఏడుత్తా వచ్చానండీ. శాలువా కప్పారేంటండీ?" అని అడిగాడు.

మాస్టారు ఇంటిదారి పట్టారు.

ఆయన మీద నమ్మకం లేక మర్నాడు తనిఖీ బృందం ఇంటికొచ్చింది. బృందం నాయకుడు వ్యాను ముందు భాగం చుట్టూ రెండుసార్లు తిరిగి, తట్టి చూసి, "ఇంజను కూడా లేదే! అదీ దాచారా?" అన్నాడు. మాస్టారు సీటు ఎత్తి చూపించారు. మూత విప్పి టార్చి వేశారు. బృందం వంతులవారీగా తొంగి చూసింది. లోపల ఇత్తడి చెంబు మెరిసింది. మాస్టారు పొంగిపోయి వాళ్ల ముఖాలు చూశారు. మెచ్చుకుంటారేమోనని ఆశ.

"అనుమానం లేదు," అన్నాడు నాయకుడు. "ఇంత శుభ్రంగా ఉందంటే సరుకు పెద్ద ఎత్తున తరలించి ఉండాలి."

ఆ తర్వాత వాళ్లు వంటింట్లోకి వెళ్లారు. అటక దింపించారు. మాణిక్యాంబ గారి పాత ఉసిరికాయ తొక్కు జాడీ మూత తీసి, నల్లగా నిగనిగలాడుతున్న ఆ పదార్థాన్ని చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇదేమిటి?"

"తొక్కు నాయనా. మూడేళ్లది. అన్నంలో కలుపుకుంటే జ్వరం పడ్డ నోటికి హాయిగా ఉంటుంది," అన్నారు ఆవిడ.

నాయకుడు వేలితో జిగట పరీక్షించి, వాసన చూసి, పొలమారి, నమూనా సీసాలో తీసుకున్నాడు. వారం తర్వాత ప్రయోగశాల నుంచి నివేదిక వచ్చింది. నమూనా మడ్డి కాదనీ, అయినా ఇంత మంచి చిక్కదనం జిల్లాలో మరెక్కడా దొరకలేదనీ, మిగతాది కూడా పంపగలరనీ అందులో ఉంది. మాణిక్యాంబ గారు ఆ కాగితం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక పొయ్యిలో పెట్టారు.

ఈలోగా ఊరి తీరే మారిపోయింది. మడ్డి తేకపోతే పత్రం లేదు. మడ్డి కావాలంటే నూనె మార్చకూడదు. అందుచేత రేవుపాలెంలో జనం నూనె మార్చడం మానేశారు. ఇదివరకు కలిసినప్పుడు పిల్లల మార్కులు అడిగేవాళ్లు ఇప్పుడు "మీకెంత దిగింది?" అని మడ్డి సంగతి అడుగుతున్నారు. నూనె కొట్టువాడు కొట్టు మూసి కొబ్బరిబొండాలు పెట్టుకున్నాడు. బళ్లు ఎక్కడివక్కడ దగ్గి, మూలిగి, ఆగిపోతున్నాయి. ఆగిపోయిన ప్రతి బండి దగ్గరా యజమాని సంబరంగా బకెట్టు పట్టుకుని కూర్చుంటున్నాడు. కార్యాలయంలో డ్రమ్ములు నిండాయి. సేకరణలో రేవుపాలెం మొదటి స్థానంలో నిలిచింది. ఏకాంబరేశ్వరరావు గారి ఫొటో పేపర్లో పడింది.

మాస్టారు మాత్రం రోజూ వ్యాను తుడుచుకుంటూ, బడి తెరిచే సోమవారం దగ్గరికొస్తోంటే లోపల్లోపల కుమిలిపోతున్నారు. లంక నుంచి, వ్యానులో బడికొచ్చే దుర్గాభవాని అనే పిల్ల తండ్రి వచ్చాడు.

"బండి వత్తాదా మాస్టారండీ? రాదంటే చెప్పేయండి. పిల్లని వాళ్ల పిన్నితో రొయ్యల షెడ్డుకి పంపేత్తాను. ఒట్టినే ఇంట్లో కూకోబెట్టడం ఎందుకండీ."

"వస్తుందయ్యా. నువ్వు ఎక్కడికీ పంపకు. సోమవారం గట్టుమీద నిలబడమను," అన్నారు మాస్టారు. అన్నారే గాని, పత్రం ఎలా వస్తుందో ఆయనకే తెలియదు.

అతనిలా వెళ్లాడో లేదో, ఏకాంబరేశ్వరరావు గారే స్వయంగా మాస్టారి వాకిట్లో దిగారు. రిక్షాలో వచ్చారు. కార్యాలయం జీపు ఆగిపోయి చాలా రోజులైంది. దాని నూనెకు వచ్చిన నిధులు ఉద్యమం బ్యానర్లకు సరిపోయాయి.

"మాస్టారూ, మీకు మహత్తర అవకాశం," అన్నారు ఆయన, మంచినీళ్లు తాగి. "శనివారం మంత్రివర్యులు విచ్చేయుచున్నారు. జిల్లాను మడ్డి రహితంగా ప్రకటించెదరు. ఆ సందర్భమున వారు స్వహస్తాలతో ఒక ఇంజను నుంచి మడ్డి తొలగించుటకు సమ్మతించినారు. వాహనం వేదిక మీదకు తనంతట తాను నడిచి రావలెను. అయితే..." ఆయన కాస్త నీళ్లు నమిలారు. "విచారించగా, పట్టణంలో ప్రస్తుతం స్టార్టయ్యే వాహనం మీదొక్కటే అని తేలింది."

"కాని నా ఇంజనులో మడ్డి లేదు కదండీ!"

"ఆ లోపాన్ని మండలి సరిదిద్దును. మా వద్ద నిల్వలున్నవి. ముందు పోసి, తర్వాత తీయుదుము. ఫొటోలో రెండూ ఒకటే."

"పొయ్యడమేంటండీ! నూనె పీల్చుకునే జల్లెడ మూసుకుపోతుంది. ఇంజను పట్టేస్తుంది. కన్నబిడ్డకు విషం పట్టమన్నట్టుంది!"

"తీసివేయుదుము అంటిని గదా. కార్యక్రమం ముగియగానే, వేదిక మీదనే, మీ శుభ్రతా పత్రం. మంత్రివర్యుల సంతకంతో. లేనియెడల..." అని ఏకాంబరేశ్వరరావు గారు లేచి, లేనియెడల ఏమిటో చెప్పకుండానే రిక్షా ఎక్కారు.

మాస్టారు అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. మాణిక్యాంబ గారు చూసి చూసి, "ఆ ఇంజను మీకెంతో నాకు తెలుసు. నా బేసిన్లన్నీ దానికే పోశాను. కాని గట్టుమీద పిల్ల నిలబడి ఉంటుందండీ," అన్నారు.

శనివారం హైస్కూలు మైదానంలో వేదిక కట్టారు. చెక్కలతో వాలు వేశారు. మాస్టారి వ్యాను పూలదండ వేసుకుని, కొత్త పెళ్లికూతురిలా నెమ్మదిగా పైకెక్కింది. ఒక బండి దానంతటది కదలడం చూసి చాలా కాలమైన జనం ఈలలు వేశారు. సీటు ఎత్తారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు నూనె మూతలోకి పోకుండా మాస్టారు రెండు చేతులూ అడ్డం పెట్టారు.

ఏకాంబరేశ్వరరావు గారు డ్రమ్ము తెప్పించారు. అది గంగరాజు లారీ మడ్డి, మొదటి రకం. గరాటులోంచి దిగలేదు. అప్పుడు ఓ ఉద్యోగి గరిటె తెచ్చి ముద్దలుముద్దలుగా కూరాడు. మాస్టారు ముఖం పక్కకు తిప్పుకున్నారు. వేదిక కింద నిలబడ్డ గంగరాజు, తన లారీ శవం నుంచి వచ్చిన ఆ ముద్దను గుర్తుపట్టి, "ఒద్దండి బాబూ, అది మంచిది కాదండీ" అని అరిచాడు. మైకులో పాట పెట్టేశారు.

మంత్రిగారు తెల్లటి ఏప్రాను కట్టుకుని, వెండి చెంచాతో రెండు చెంచాలు తీసి కెమెరాలకు చూపించారు. చప్పట్లు మోగాయి. జిల్లా మడ్డి రహితమైంది.

"అయ్యా, మిగతాది?" అన్నారు మాస్టారు. "కిందికి దూరి నట్టు విప్పేస్తానండి. కాసేపు టైమిస్తే చాలు."

"ప్రసంగాలు మొదలగుచున్నవి. వాహనం అడ్డుగా ఉంది. దింపండి."

"స్టార్టు చేస్తే పాడైపోతుందండీ!"

"మడ్డి రహిత వాహనం ఏల పాడగును?" అని ఏకాంబరేశ్వరరావు గారు పత్రం చేతిలో పెట్టి, రెండో చేత్తో తాళంచెవి వైపు చూపించారు.

మాస్టారు తాళం తిప్పారు. ఇంజను ఓసారి మింగుడు పడనట్టు ఆగి, అందుకుంది. నూనె హెచ్చరిక దీపం ఎర్రగా వెలిగింది. ఇన్నేళ్లలో బండి నడుస్తుండగా ఆ దీపం వెలగడం ఆయన ఎన్నడూ చూడలేదు. వాలు దింపి, టెంటు వెనక్కి వెళ్లగానే ఆపేశారు. ఆపేలోపే లోపలి నుంచి టక్ టక్ మని ఇనుము మీద ఇనుము కొట్టుకున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఆయన పక్కటెముకల్లో తగిలింది. స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చారు. చేతిలో పత్రం ఉంది. 'ఈ వాహన ఇంజను పరిపూర్ణ నిర్మలము' అని ఉంది అందులో. చేతిరాత కూడా బాగాలేదు.

'నిర్మల యంత్రం' టోపీలు పెట్టుకున్న వాలంటీర్లు వ్యానును ఇంటిదాకా నెట్టిపెట్టారు. ఆ సాయంత్రం, ఆదివారం అంతా మాస్టారు వ్యాను కిందే ఉన్నారు. ఇంజను అడుగు పళ్లెం ఊడదీసి, మూసుకుపోయిన జల్లెడను గీకి, కిరసనాయిలుతో కడిగి, చవక నూనె పోసి తీసి, మళ్లీ పోసి తీశారు. మాణిక్యాంబ గారు ఒకదాని తర్వాత ఒకటి బేసిన్లు అందించారు. గంగరాజు వచ్చి పక్కన గొంతుక్కూర్చుని జల్లెడ పట్టుకున్నాడు. "నా పాపమేనండీ ఇదంతా," అని మాటిమాటికీ అంటూనే ఉన్నాడు.

సోమవారం వ్యాను స్టార్టయింది. కాస్త ఆలస్యంగానే అయినా ఏటిలంక చేరింది. గట్టుమీద దుర్గాభవాని, మిగతా ఆడపిల్లలూ రిబ్బన్లు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక్కరూ తగ్గలేదు. మాస్టారు తలుపు తీసి, వాళ్లు ఎక్కుతుంటే చూస్తూ కూర్చున్నారు.

"మాస్టారండీ, బండికి దగ్గొచ్చిందాండీ?" అంది దుర్గాభవాని. లోపల ఎక్కడో సన్నగా టక్ టక్ మంటూనే ఉంది. అది ఇక పోదని మాస్టారికి తెలుసు.

"ఆఁ. కాస్త పడిశం పట్టింది," అన్నారు.

పిల్లల్ని బళ్లో దింపి, ఆయన కడిగి తీసిన మడ్డిని బకెట్టులో పెట్టుకుని కార్యాలయానికి వెళ్లారు. అరకిలో కాదు, చాలా ఉంది. తన వాటా అప్పగించేస్తే పీడ వదులుతుందని.

ఏకాంబరేశ్వరరావు గారు బకెట్టులోకి తొంగి చూసి కుర్చీలో వెనక్కి వాలారు. "ఇది మేము తీసుకోజాలము."

"అదేంటండీ! అప్పుడు తెమ్మన్నారు, లేదన్నాను. ఇప్పుడు తెచ్చాను."

"మీ వాహనంలో మడ్డి లేదని మంత్రివర్యులు వేదిక మీద ప్రకటించినారు. లేని వాహనం నుంచి వచ్చినది మడ్డి కానేరదు. వచ్చినదని మీరు అనినచో, మంత్రివర్యులు అసత్యమాడినారని మీరు అనినట్లు."

"మరి ఈ బకెట్టులో ఉన్నదేంటండీ?"

"మండలి దృష్టికి ఏమియు కనిపించుటలేదు," అన్నారు అధికారి. తర్వాత ప్యాంటు పైకి లాక్కుని, "కాస్త అవతల పెట్టండి, కాళ్లకు అంటుకుంటుంది" అన్నారు.

మాస్టారు బకెట్టు ఎత్తుకుని వెనక్కి తిరిగారు. గుమ్మందాకా వెళ్లాక ఏకాంబరేశ్వరరావు గారు వెనక్కి పిలిచారు.

"మాస్టారూ, శుభవార్త. వార్షికోత్సవానికి కూడా మీ వాహనమునే ఎంపిక చేసినాము. స్టార్టు కావడంలో మీ నిబద్ధతను పైవారు మెచ్చుకొనినారు. కాకపోతే పొదుపు చర్యలు అమలులో ఉన్నవి గనుక, ఈసారి మడ్డి మీరే తెచ్చుకోవలెను."

మాస్టారు ఆయన వంక చూశారు. తర్వాత చేతిలోని బకెట్టు వంక చూశారు. ఆ చూపులో ఏముందో గుమాస్తాకు అర్థం కాలేదు గాని, అతను తల దించుకున్నాడు.

ఇంటికొచ్చాక మాస్టారు ఓ పాత జాడీ కడిగించి, మడ్డినంతా అందులోకి ఎత్తారు. మూతమీద గుడ్డ కట్టి అటక ఎక్కించబోతుంటే మాణిక్యాంబ గారు అడ్డం వచ్చారు.

"ఏమండీ, నా ఉసిరితొక్కు పక్కనా?"

"ఇంకెక్కడ పెట్టనే? జాగ్రత్తగా ఉండాలి. వచ్చే ఏడు కావాలి."

"చీకట్లో ఏది ఏదో తెలియక వడ్డించేస్తాను."

అదీ నిజమే. మాస్టారు కుంచె తీశారు. ఎన్నాళ్లకో తీశారు. జాడీ ఒళ్లో పెట్టుకుని, ఊరంతటికీ తెలిసిన ఆ గుండ్రటి అక్షరాలతో, ఒక్క ఒత్తూ వంకర పోకుండా, తీరిగ్గా రాశారు:

'మడ్డి. ప్రభుత్వ కార్యక్రమము కొరకు మాత్రమే. వాడిన పిమ్మట తిరిగి జాడీలో పోయవలెను.'